పలు భాషలు – ఒక పట్టణము

(శతవార్షికోత్సవ సభలలో చేసిన ప్రసంగపు పాఠము)



ఉత్సవ కార్యవర్గమువారు నాకు "వలస వచ్చినవారు – వారి భాషలు – మన బాధ్యత" అను విషయమిచ్చి, ముప్పావు గంటలో ముగించవలెనని కూడ హెచ్చరించినారు. విషయము సముద్రమంత. గనుక లోకమంతటిని తిరిగి రావలెనని నేను ప్రయత్నించను. ఒకే ఒక పట్టణమును మీ ముందు ఉంచుతాను. ఆ పట్టణములో మనము నేర్చుకొనవలసినదేమో చూచి, తరువాత మన వాకిటికి తిరిగి వద్దాము.

ఆ పట్టణము పేరు యుటికా. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమున మోహాక్ నది ఒడ్డున ఉన్నది. న్యూయార్కు అనగానే ఆకాశమునంటు మేడలు మీ కండ్లకు కట్టునేమో. యుటికా ఆ మహానగరమునకు బహుదూరమున ఉన్న చిన్న పట్టణము. 2020 జనాభా లెక్కలలో 65,283 మంది. మన బాపట్ల వంటి ఊరు అనుకొనండి, సరిపోవును.

ఆ పేరు నాకు మొదట కనబడినది వేదాంత కళాశాలలో మిషను చరిత్ర చదువుచున్న రోజులలో. అమెరికా బాప్టిస్టు మిషనెరీ అడోనిరామ్ జడ్సన్‌గారు 1813లో బర్మాలోని రంగూను చేరినారని మీలో అనేకులకు తెలుసును. 1846లో ఆయనను వివాహము చేసికొని ఆయనతో బర్మాకు ఓడనెక్కిన ఎమిలీ చబ్బక్ అను ఆమె అంతకుముందు యుటికాలో బాలికల పాఠశాలలో పంతులమ్మ. కలముపేరుతో కథలు వ్రాసి పేరు తెచ్చుకొన్న రచయిత్రి. ఆమె మౌల్మేన్‌కు వెళ్లినది, 1850లో భర్తను పోగొట్టుకొన్నది, మరుసటి ఏట స్వదేశము చేరి, 1854లో కన్నుమూసినది. నేను చదివిన పుస్తకములో యుటికా ప్రస్తావన అంతటితో ముగిసినది. కాని చరిత్ర ముగియలేదు. నూట ఏబది ఏండ్లు గడచిన తరువాత అదే బర్మాలోని కరెన్ క్రైస్తవులు ఇల్లు వాకిలి కోల్పోయి కాందిశీకులై, పిల్లలను ఎత్తుకొని అదే యుటికాలో దిగినారు. ఒకనాడు ఒక పంతులమ్మను పంపిన ఊరు మరొకనాడు ఆ దేశపు బిడ్డలకు ఆశ్రయమైనది.

ఊరు పెరుగుట, తరుగుట

మొదట ఆ ప్రాంతము ఒనైడా మొదలైన ఆదివాసుల భూమి. తెల్లవారు కూడ అక్కడికి వలస వచ్చినవారే. ఈ మాట మరువకూడదు. 1825లో ఎరీ కాలువ పూర్తియైనది. ఆ కాలువలో మొట్టమొదట నీరు పారి పడవలు నడచిన భాగము రోమ్ అను ఊరికిని యుటికాకును మధ్యనున్నదే. అది 1819 సంగతి. కాలువలు వచ్చి డెల్టా ఊళ్ల రూపు ఎట్లు మారినదో తెలిసిన మనకు ఇది వేరుగా వివరింపనక్కరలేదు.

కాలువ పనికి ఐర్లండువారు వచ్చినారు. చుట్టునున్న కొండలలో వేల్సు దేశస్థులు పాడి పెంచుకొని, ప్రార్థనమందిరములు కట్టుకొన్నారు. వేల్సు భాషలో "అద్దము" అను అర్థమిచ్చు పేరుగల వార్తాపత్రిక ఒకటి 1851లో న్యూయార్కు నగరమున పుట్టి, తరువాత యుటికాకు తరలి అక్కడ ఎన్నో ఏండ్లు అచ్చయినది. పిమ్మట నేతమిల్లులు వచ్చినవి. ఇటలీవారు, పోలండువారు, లెబనాను క్రైస్తవులు వచ్చినారు. ఈ లెబనానువారు మారనైటు సంఘస్థులు. తమ ఆరాధనలో ప్రాచీన సురియాని భాషను నిలుపుకొన్నవారు. ఇటలీవారు ఊరి తూర్పు భాగములో స్థిరపడినారు. వారి ఇండ్లలో ఆకుకూరను వెల్లుల్లి, మిరప, రొట్టెపొడితో వేయించు కూర ఉండెడిది. నేడు దానిపేరు "యుటికా గ్రీన్స్". పరదేశి వంటింటి కూర ఊరిపేరు పెట్టుకొని ఊరివంట అయినది!

1930లో ఆ ఊరి జనాభా 1,01,740. ఆ తరువాత మిల్లులు దక్షిణ రాష్ట్రములకు తరలిపోయినవి. పెద్ద కర్మాగారములు మూతపడినవి. 1995లో సమీపమున ఉన్న వైమానిక స్థావరమును కూడ మూసివేసినారు. పని లేనిచోట యౌవనులు నిలువరుగదా. 2000 నాటికి జనాభా 60,651కి దిగిపోయినది. వీధులలో ఇండ్లు పాడుబడినవి. చివరగా ఊరు విడుచువాడు దీపము ఆర్పి వెళ్లవలెనని జనము తమ కార్లమీద ఎగతాళిగా అంటించుకొన్న కాలమది.

వచ్చినవారెవరు?

ఊరు ఖాళీ అగుచున్న ఆ దినములలోనే మరియొక ద్వారము తెరచుకొన్నది. 1980 ప్రాంతమున అక్కడ కాందిశీకుల సహాయకేంద్రమొకటి ఏర్పడినది. మొదట వియత్నాము, కంబోడియా, లావోసు దేశములవారు వచ్చినారు. అమెరికా సైనికులకు వియత్నాము స్త్రీలయందు పుట్టి, రెండు దేశములకును చెందనివారుగా పెరిగిన పిల్లలు వచ్చినారు. విశ్వాసమునుబట్టి వేధింపబడిన రష్యా, ఉక్రెయిను పెంతెకొస్తువారు వచ్చినారు. 1993 మొదలు బోస్నియా యుద్ధమునుండి తప్పించుకొన్న ముసల్మానులు వేలకొలది వచ్చినారు. తరువాత సోమాలీ బంటూలు, సూడానువారు, కరెన్లు, ఇరాకువారు, నేపాలీ మాటలాడు భూటాను కాందిశీకులు, కాంగోవారు. ఇట్లు ఆ కేంద్రము ద్వారా వచ్చినవారు 16 వేలకు పైబడినారు. పాఠశాలలలో నలువదికి మించిన భాషలు వినబడుచున్నవి. 2005లో ఐక్యరాజ్యసమితి కాందిశీకుల సంస్థవారి పత్రిక ఒక సంచికలో ఈ ఊరిని కాందిశీకులను ప్రేమించు పట్టణమని వర్ణించినది.

వచ్చినవారు ఏమి చేసినారు? బోస్నియావారు పాడుబడిన ఇండ్లను చౌకగా కొని, సాయంకాలములందు, సెలవు దినములందు తమ చేతులతోనే బాగుచేసికొన్నారు. కొందరు ఒనైడా జాతివారు నడుపు విలాసశాలలో పనికి కుదిరినారు. భూమి పోగొట్టుకొన్న ఆదివాసులు, దేశము పోగొట్టుకొన్న పరదేశులకు జీతమిచ్చుట చూడండి! టర్కీనుండి వలస వచ్చిన హమ్ది ఉలుకాయా అను కుర్దు జాతీయుడు 2005లో ఆ ప్రాంతమున మూతపడిన కర్మాగారమును కొని చొబానీ అనుపేర పెరుగు తయారుచేయ మొదలుపెట్టినాడు. యుటికాలోని కాందిశీకులను పనిలోనికి తీసికొని, వారిని తీసికొని వచ్చుటకు బస్సులను, మాట తెలుపుటకు దుబాసీలను ఏర్పాటుచేసినాడు. 2010 లెక్కలలో యుటికా జనాభా 62,235కు పెరిగినది. 1950 తరువాత ఆ ఊరు పెరుగుట అదే మొదటిసారి.

ఇంతవరకు విని, ఇది సుఖాంతమైన కథ అని మీరు అనుకొనవచ్చును. ఒకచోట అనేక భాషలుండుట ఘనత కాదు. అనేక భాషలు బాబెలులో కూడ ఉన్నవి. న్యాయాధిపతుల కాలమున యొర్దాను రేవులయొద్ద "షిబ్బోలెతు" అను ఒక్క మాటను సరిగా పలుకలేని నలువది రెండు వేలమంది ప్రాణములు కోల్పోయినారని మీరు చదివియున్నారు. ఉచ్చారణ తేడాయే మరణశిక్ష అయినది. గనుక ఎన్ని భాషలున్నవని అడుగుట చాలదు. ఆ భాషల మధ్య ఏర్పడు బరువును ఎవరు మోయుచున్నారని అడుగవలెను. బలవంతుడు మోయుచున్నాడా, బలహీనుడు మోయుచున్నాడా? ఈ సాయంకాలము నేను చెప్పదలచిన మాట ఇదొక్కటే.

పేరు, పుట్టినదినము

చిన్న సంగతితో మొదలుపెట్టుదాము. కరెన్లకు ఇంటిపేర్లు లేవు. స్గా కరెన్ భాషలో పురుషుని పేరుకు ముందు "సా" అనియు, స్త్రీ పేరుకు ముందు "నా" అనియు గౌరవముగా చేర్చుదురు. మనము శ్రీ, శ్రీమతి అన్నట్లే. అమెరికా దరఖాస్తులలో అందరికి మొదటిపేరు, చివరిపేరు ఉండితీరవలెను. గుమాస్తా ఏమి చేయును? "సా" అనునదే పేరని వ్రాసికొనును. దానితో ఒక తరగతిలో నలుగురు పిల్లలుంటే నలుగురి పేరును శ్రీ అయినట్లుండును! తండ్రికొక చివరిపేరు, కొడుకుకొక చివరిపేరు. వీరు ఒకే కుటుంబమని కాగితముమీద రుజువుచేయుట కష్టము.

నవ్వకండి. మన యింటిపేరు ముందు వచ్చును, వారిది వెనుక వచ్చును. అమెరికా వెళ్లిన మన పిల్లలు పాస్‌పోర్టులో ఏది ఎక్కడ వ్రాయవలెనో తెలియక పడిన పాట్లు మీలో తల్లిదండ్రులైనవారికి తెలుసును. నోరార పిలుచుకొన్న పేరు ఒక చోట, తాతలనాటి యింటిపేరు మరొకచోట పడి, పరాయి ఊరిలో బిడ్డను యింటిపేరుతో పిలుచుచున్నారు.

పుట్టినదినము కూడ అంతే. శిబిరములలో పుట్టినవారికి తేదీలు వ్రాసిన కాగితములుండవు. అందుచేత ఎందరో కాందిశీకులకు జనవరి 1వ తేదీయే పుట్టినరోజుగా నమోదైనది. మన పెద్దలలో ఎందరికి బడిలో పంతులుగారు తోచిన తేదీ వేసినారు! ఆ తేదీయే ఉద్యోగమునకును పింఛనుకును ఆధారమైనది. కాగితము మనిషికన్న గొప్పదైనప్పుడు, దానిని చదువలేనివాడే దాని బరువు మోయును.

దుబాసీ

మన తెలుగులో "దుబాసీ" అను మంచి మాట ఉన్నది. రెండు భాషలవాడని అర్థము. యుటికా ఆసుపత్రులలో, న్యాయస్థానములలో, బడులలో దుబాసీ లేనిదే పని జరుగదు. సహాయకేంద్రమువారు దుబాసీలకు తరిఫీదునిచ్చి పంపుచున్నారు. ఇది ఎందుకంత అవసరమో ఒక ఉదాహరణము చెప్పుతాను.

సోమాలీ బంటూలు పంతొమ్మిదవ శతాబ్దములో మొజాంబిక్, టాంజానియా, మలావీ ప్రాంతములనుండి బానిసలుగా సోమాలియాకు తేబడినవారి సంతతి. అక్కడ వారిని తక్కువవారిగా చూచినారు. 1991 తరువాతి అంతర్యుద్ధములో దోపిడికి గురియై కెన్యా శిబిరములకు పారిపోయినారు. 2003 మొదలు అమెరికాకు వచ్చినారు. వారిలో అనేకులు మాటలాడునది మాయ్ అను భాష. సోమాలియాలో అధికారము చేసినవారి మాట మహా. ఈ రెండును వేరు. సోమాలియావారు గదా అని మహా మాటలాడు దుబాసీని పిలిపించితిమా, రోగికి సగము మాట తెలియదు. అంతకు మించి, ఒకనాడు తనను చిన్నచూపు చూచిన వర్గపువాని నోట తన రోగము చెప్పించుకొనవలసి వచ్చును. స్త్రీయైతే నోరే తెరువదు. సోమాలియా తాత్కాలిక రాజ్యాంగము 2012లో మాయ్, మహా రెండింటిని పేర్కొన్నది గాని, దూరమునుండి చూచువారికి ఇంకను అందరు ఒకటే.

మనమేమి తక్కువ? ఉత్తరాదివారందరు మనకు హిందీవారే. ఒడియావానితో హిందీ మాటలాడి, సంతాలీవానితో హిందీ మాటలాడి, వానికి తెలియకపోతే బుద్ధిలేనివాడందుము.

ఇక దుబాసీ లేనిచోట ఆ పని ఎవరు చేయుదురు? పిల్లలు. వలస వచ్చిన ప్రతి కుటుంబములోను పిల్లలే ముందుగా భాష నేర్చుకొందురు. పదేండ్ల పాప తల్లిప్రక్కన కూర్చుండి డాక్టరుగారి మాటను తల్లికి చెప్పవలెను. కడుపులోని గడ్డ అను మాటను, కోయవలెనను మాటను ఆ లేతనోట పలుకవలెను. అద్దె కట్టని తండ్రికి వచ్చిన నోటీసును పిల్లవాడు చదివి చెప్పవలెను. ఆనాటినుండి ఇంటిలో పెద్దవాడెవడు? తండ్రి తలవంచుకొనును, కొడుకు తలయెత్తును. బరువు బలహీనునిమీద పడుట అంటే ఇదే. అందుచేతనే ఆసుపత్రులలో బిడ్డలను దుబాసీలుగా నిలుపరాదని వైద్యులు పట్టుబట్టుచున్నారు.

1964 నాటి పౌరహక్కుల చట్టము ప్రభుత్వధనము పొందు సంస్థలు జాతినిబట్టియు పుట్టిన దేశమునుబట్టియు వివక్ష చూపరాదన్నది. భాష తెలియనివారికి సేవలు అందునట్లు చేయవలెనని 2000లో అధ్యక్షుడు క్లింటన్ ఉత్తర్వు ఇచ్చినాడు. 2025లో ఆ ఉత్తర్వు రద్దయినది, చట్టము మిగిలియున్నది. అదే ఏడు జనవరిలో కాందిశీకుల రాకను కూడ ఆ ప్రభుత్వము నిలిపివేసినది. రాజులు మారుదురు, ఉత్తర్వులు మారును. ప్రక్కింటివాడు మాత్రము ప్రక్కింటిలోనే ఉండును. వానితో ఎట్లు మెలగవలెనో ఉత్తర్వు కొరకు కాచుకొని నేర్చుకొనలేము.

యుటికాలో కూడ పొరపాట్లు జరిగినవి. పదునేడేండ్లు దాటి వచ్చిన కాందిశీక విద్యార్థులను ఉన్నత పాఠశాలలో చేర్చుకొనక, పట్టా రాని వేరు తరగతులకు పంపుచున్నారని 2015లో పాఠశాలల అధికారులమీద వ్యాజ్యములు వేసినారు. 2016లో రాజీ కుదిరి, అట్టివారిని చేర్చుకొనుటకు ఒప్పందమైనది. ప్రేమించు పట్టణమని పేరుపొందిన ఊరిలోనే ఇట్లు జరిగినది. పేరుండుట చాలదు, వాకిలి తెరచియున్నదో లేదో ఎప్పటికప్పుడు చూచుకొనుచుండవలెను.

ఆరాధనలో భాష

ఇప్పుడు సంఘముల సంగతి. 1828లో టావోయ్ పట్టణమున కో థా బ్యూ అను కరెన్ మనుష్యుడు బాప్తిస్మము పొందినాడు. 1830 తరువాతి ఏండ్లలో జోనథన్ వేడ్‌గారు బర్మా అక్షరములను అనుసరించి కరెన్ భాషకు లిపి కూర్చినారు. ఫ్రాన్సిస్ మేసన్‌గారి స్గా కరెన్ బైబిలు 1853లో పూర్తియైనది. లిపి లేని జాతికి లిపి దొరకినది, దానితో తామొక జాతియను గుర్తు నిలిచినది. 1949లో మొదలైన పోరు తరతరములు సాగి, లక్షలాది కరెన్లు అడవులు దాటి థాయిలాండు శిబిరములు చేరినారు. అక్కడ వెదురు గుడిసెలలో కూడ వారు ఆ బైబిలును, నాలుగు స్వరములతో కూడిన పాటను విడువలేదు.

యుటికాలో టాబర్నకల్ బాప్టిస్టు సంఘమున్నది. పాతది, పెద్ద కట్టడము. ఊరు తరిగినప్పుడు సంఘము కూడ తరిగినది. వృద్ధులు కొద్దిమంది మిగిలిన ఆ బల్లలలోనికి కరెన్లు వచ్చి కూర్చున్నారు. నేడు ఆ సంఘములో వారే పెద్ద భాగము. ఒకే మందిరములో ఇంగ్లీషును, కరెన్ భాషయు వినబడుచున్నవి. మిషను పంపినవారి మనుమలు, మిషను పొందినవారి మనుమలు ఒకే రొట్టెలో పాలివారైనారు.

మరియొక కట్టడమును గురించి కూడ చెప్పవలెను, కొందరికి చేదుగా తోచినను. పురపాలక భవనము ప్రక్కనే పాత మెథడిస్టు ప్రార్థనమందిరము ఉండెను. సంఘము లేక అది మూతపడి, కూల్చివేతకు సిద్ధముగా ఉన్నది. 2008లో బోస్నియా ముసల్మానులు దానిని కొని, బాగుచేసికొని మసీదుగా మార్చుకొన్నారు. ఇది విని మీలో కొందరి ప్రాణము చివుక్కుమనవచ్చును. నేను అడుగునది ఒక్కటే. ఆ బల్లలను ఖాళీ చేసినది ముసల్మానులు కాదు. వారు రాకముందే అవి ఖాళీ అయినవి. వారు వచ్చి, కూలవలసిన గోడలను నిలిపినారు. మన మందిరములు ఎవరి పాలగునో అని భయపడుటకు బదులు, వచ్చే తరము అందులో కూర్చుండునా అని ఆలోచించుట మేలు.

ఆ ప్రశ్న భాషతో ముడిపడియున్నది. యుటికాలో అచ్చయిన వేల్సు పత్రిక సంగతి చెప్పితిని. అది కాలక్రమమున ఇంగ్లీషులోనికి మారినది, 2003లో మరియొక పత్రికలో కలిసిపోయినది. మొదటి తరము వేల్సులో ప్రార్థించినది. రెండవ తరము విన్నది, మూడవ తరమునకు అది ఏమియు తెలియలేదు. నేడు కరెన్ తల్లిదండ్రులు అదే భయముతో పిల్లలకు కరెన్ అక్షరములు నేర్పుచున్నారు. కరెన్లో మాత్రమే ప్రసంగించితే మనుమడు పారిపోవును. ఇంగ్లీషులో మాత్రమే ప్రసంగించితే అవ్వ దిక్కులేనిదగును. రెండు భాషలలో చేయుటకు ఆరాధన రెండింతలగును, ఓపిక రెండింతలు కావలెను. అయినను ఇద్దరిలో ఎవరిని వదలుకొందురు?

ఈ చిక్కు యుటికాది మాత్రమేనా? మన యిండ్లలో ఇంగ్లీషు మీడియము చదివిన పిల్లలు ఎందరు తెలుగు బైబిలు ధారాళముగా చదువగలరు? కీర్తనల పుస్తకము చేతిలో పెట్టితే ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి యిమ్మని అడుగుచున్నారు. వలస పోకుండనే, పుట్టిన యింటిలోనే వారు మూడవ తరమైనారు.

మన వాకిట

మనము వలస ఎరుగని జాతి కాము. కోరింగ రేవునుండి, విశాఖపట్టణము, కాకినాడలనుండి మన తాతలు వేలకొలది రంగూనుకు కూలికి వెళ్లినారు. వెళ్లిన రేవునుబట్టి వారిని "కోరంగీలు" అని పిలిచినారు. ఆ మాటలో గౌరవము లేదు. 1930లో రంగూను రేవులో తెలుగు కూలీల సమ్మె తరువాత జరిగిన అల్లరులలో మనవారు అనేకులు హతమైనారు. 1942లో జపానువారు బాంబులు వేసినప్పుడు కాలినడకన కొండలు దాటివచ్చినారు, దారిలో రాలిపోయినారు. 1960 తరువాత మిగిలినవారు కట్టుబట్టలతో తిరిగివచ్చినారు. విశాఖపట్టణములో బర్మా క్యాంపు అను పేరు నేటికిని ఉన్నది. కరెన్లు విడిచివచ్చిన ఆ బర్మానుండియే మనవారును కాందిశీకులై వచ్చినారు.

మన తెలుగు సంఘమును కట్టినవారిలో కూడ పరభాషవారున్నారు. తిరునల్వేలి తమిళుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1909లో దోర్నకల్‌కు వచ్చి తెలుగు నేర్చుకొని మనవారిలో ఒకడైనాడు. 1912లో దోర్నకల్ అధ్యక్ష మండలమునకు బిషప్‌గా అభిషిక్తుడైనాడు. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ ఆయనే. వచ్చినవాడు మన భాష నేర్చుకొనుటచేతనే మనకు కాపరి అయినాడు. భాష నేర్చుకొనుట అనగా ఎదుటివాని బరువును తన భుజముమీద వేసికొనుట.

ఇప్పుడు మన ఊళ్లకు వచ్చుచున్నదెవరు? పెద్దపల్లి, కరీంనగరు ప్రాంతపు ఇటుక బట్టీలకు ఒడిషాలోని బలంగీరు ప్రాంతమునుండి కుటుంబములు కుటుంబములే వచ్చుచున్నవి. మేడలు కట్టుటకు బీహారు, జార్ఖండువారు వచ్చుచున్నారు. వారిలో మన విశ్వాసపువారు కూడ ఉన్నారు. బట్టీలలో ఒడియా పుస్తకములతో, ఒడియా ఉపాధ్యాయులతో పిల్లలకు బడి నడిపిన సందర్భములున్నవి. అది సాధ్యమే.

ఆది సంఘములో మొదటి తగవు దేనినిగూర్చి వచ్చినది? సిద్ధాంతమునుగూర్చి కాదు. గ్రీకు మాటలాడు విధవరాండ్రకు అనుదిన వడ్డనలో అన్యాయము జరిగినదని సణుగు పుట్టినది. అపొస్తలులు వారిని గద్దింపలేదు, ముందు మన భాష నేర్చుకొని రండి అనలేదు. ఏడుగురిని ఏర్పరచుకొనుడని సంఘమునకే విడిచిపెట్టినారు. ఆ ఏడుగురి పేర్లు చదవండి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నియు గ్రీకు పేర్లే! ఫిర్యాదుచేసిన పక్షమువారి చేతికే గరిటె ఇచ్చినారు.

గనుక ఈ శతవార్షికోత్సవము వెళ్లిపోకముందు ప్రతి పాస్టరేటు నాలుగు పనులు చేయవలెనని మనవి. మొదటిది, మీ ఊరిలో ఏ ఏ భాషలవారు ఉన్నారో ఇంటింటికి వెళ్లి తెలిసికొనండి. హిందీవారు అని వ్రాసికొని రావద్దు. వాని తల్లి వానితో ఏ భాష మాటలాడెనో అడగండి, పేరు వాడు పలికినట్లే పలుకండి. రెండవది, సంఘమునకు ఒక దుబాసీ ఉండవలెను. రైల్వేలోనో సైన్యములోనో పనిచేసి ఒడియా, హిందీ నేర్చి తిరిగివచ్చిన పెద్దలు మనలో లేరా? ఆసుపత్రికి, బ్యాంకుకు, పోలీసుస్టేషనుకు వారు తోడు వెళ్లండి, పిల్లవానిని పంపవద్దు. మూడవది, నెలకు ఒక ఆదివారము వారి భాషలో ఒక పాఠము, ఒక పాట వినండి. అర్థము కాకపోయినను కూర్చుండండి. వారు మన ఆరాధనలో అర్థము కాకనే ఎన్ని ఆదివారములు కూర్చున్నారు! నాలుగవది, వారిలోనుండి ఒకరిని సంఘ కమిటీలో చేర్చుకొనండి. వడ్డించించుకొనువారిగా మాత్రమే ఉంచవద్దు.

ఇవి ఖర్చుతో కూడిన పనులు కావు, ఓపికతో కూడిన పనులు. మందిరమునకు రంగులు వేసినాము, గంటగోపురము బాగుచేసినాము, సంతోషమే. ఆ గంట ఒక్కటే ఏ భాషవానికైనను అర్థమగును. అది విని వచ్చిన పరభాషవానికి లోపల ఒక మాటయైనను అర్థము కావలెను గదా. పెంతెకొస్తు దినమున పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు తమ భాషలు విడిచిపెట్టి ఒక భాష నేర్చుకొనలేదు. మాటలాడువారి నాలుకలే మార్చబడినవి. బరువు మోసినది వినువారు కాదు, చెప్పువారు.

రాబోవు నూరేండ్లలో మన అధ్యక్ష మండలములో ఎన్ని భాషలు వినబడునో దేవునికే తెలియును. వాటిలో ఏ ఒక్కటి మాటలాడువాడును గుమ్మము వెలుపల నిలిచిపోకుండునట్లు ప్రభువు మనకు చెవులిచ్చునుగాక, నాలుకలిచ్చునుగాక.